మ్యాచ్ చూద్దాం... మళ్లీ ఇంటికొద్దాం!

టీవీలో చూస్తే రీప్లేలుంటాయి. స్టేడియంలో చూస్తే ఉండవు. అయినా వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లి, ఎండలో క్యూ కట్టి, అర్ధరాత్రి తిరుగు బస్సు కోసం రోడ్డుమీద నిలబడటానికి మన ఊళ్ల జనం సిద్ధమే. ఎందుకు? ఏ స్టేడియం దూరం నుంచి వచ్చిన అభిమానిని చుట్టంలా చూస్తుంది? ఏది పరీక్ష పెడుతుంది?

సాలూరు ఆర్టీసీ బస్టాండ్. తెల్లవారుజాము. వేగావతి మీదుగా చలిగాలి వీస్తోంది. నీలం జెర్సీలు తొడుక్కున్న నలుగురు కుర్రాళ్లు, వాళ్ల వెనక పదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని ఓ తండ్రి. పిల్లాడి చెంపమీద ఇంట్లోనే వేసుకొచ్చిన మూడు రంగుల జెండా. అంతలో టీ కొట్టు దగ్గరి పెద్దాయన ప్రశ్న... ‘ఎల్తన్నారు సరే, రేత్రి ఎలాగొస్తార్రా?’

అసలు సమస్య అదే! విశాఖలో ఉండేవాడికి మ్యాచ్ అంటే ఒక సాయంత్రం. సాలూరు, పార్వతీపురం, పాడేరు, అరకు వాళ్లకు మాత్రం ఒక పూర్తి పగలు, దాదాపు ఒక పూర్తి రాత్రి. టికెట్ ధరకు ప్రయాణం, తిండి, అవసరమైతే లాడ్జి కలుపుకోవాలి. ఒకరోజు కూలో, షాపు బేరమో పోతుంది. అంత పెట్టుబడి పెట్టి వెళ్లేవాళ్లు స్టేడియం నుంచి ఆశించేది ఆట ఒక్కటే కాదు... కాస్త మర్యాద కూడా.

కొండల నడుమ మైదానం

లారీలకు పేరున్న ఊరు సాలూరు. ఆ లారీలు తిరిగే జాతీయ రహదారే మనల్ని విజయనగరం మీదుగా విశాఖ వైపు తీసుకెళ్తుంది. మనకున్న అదృష్టమేంటంటే, మధురవాడ పక్కనున్న పోతినమల్లయ్యపాలెం స్టేడియం విశాఖ నగరం కంటే ముందే వస్తుంది. తగరపువలస, ఆనందపురం దాటాక కార్ షెడ్ జంక్షన్ దగ్గర దిగిపోవచ్చు. నగరంలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన పనిలేదు.

అంతకుముందు విశాఖలో అంతర్జాతీయ వన్డే అంటే ఊరి మధ్యలోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియమే. 1988 డిసెంబరులో భారత్, న్యూజిలాండ్ ఆడింది అక్కడే. 1996 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా తలపడిందీ అక్కడే. ఆ రోజుల్లో అందరికీ టికెట్ ఎక్కడ దొరుకుతుంది? లారీ షెడ్లలో రేడియో చుట్టూ చేరినవాళ్లదే పెద్ద గ్యాలరీ!

కొత్త స్టేడియం తలుపులు తెరిచిన తీరు మాత్రం ఎవరూ మరిచిపోలేరు. 2005 ఏప్రిల్ 5న ప్రత్యర్థి పాకిస్థాన్. మూడో స్థానంలో పొడుగు జుట్టు కుర్రాడొకడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. అది అతనికి అయిదో వన్డే. 123 బంతుల్లో 148 పరుగులు. భారత్ స్కోరు 356. విజయం 58 పరుగులతో. ఆ రోజు గ్యాలరీలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ‘ధోనీని మొదట చూసింది మేమే’ అంటారు. కాదనడానికి లేదు!

ఆ తర్వాత కూడా ఈ మైదానం ప్రేక్షకుల్ని ఉత్త చేతులతో పంపిన సందర్భాలు తక్కువే. 2018 అక్టోబరు 24న విరాట్ కోహ్లి ఇక్కడే వన్డేల్లో పదివేల పరుగులు పూర్తిచేశాడు. చివరి బంతికి అయిదు పరుగులు కావాల్సి ఉండగా వెస్టిండీస్ ఆటగాడు షై హోప్ ఫోర్ కొట్టడంతో మ్యాచ్ టై అయింది. 2019లో టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగిన రోహిత్ శర్మ రెండు ఇన్నింగ్స్‌లోనూ శతకాలు బాదింది కూడా ఇక్కడే. చేదు జ్ఞాపకమూ ఉంది. 2023 మార్చి 19న భారత్ 117 పరుగులకే ఆలౌటైతే, ఆస్ట్రేలియా 11 ఓవర్లలోనే ఆట ముగించేసింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు పగలుండగానే ఇంటిదారి పట్టారు. తిరుగు బస్సు సులువుగా దొరికిన మ్యాచ్ అదొక్కటే కావచ్చు!

ఈ మైదానానికి అసలు అందం చుట్టూ ఉన్న తూర్పు కనుమలే. సాయంత్రం ఫ్లడ్‌లైట్లు వెలిగే వేళ కొండల అంచులు నల్లబడుతుంటే, మన్యం నుంచి వెళ్లినవాళ్లకు పరాయి ఊళ్లో ఉన్నట్టు అనిపించదు. ఇరవై ఏడు వేల మంది పట్టే స్టేడియం కాబట్టి పై వరసల్లో కూర్చున్నా ఆటగాళ్లు మరీ చీమల్లా కనిపించరు. ఇబ్బందల్లా ఆట అయ్యాకే. అంతమందీ ఒకేసారి ఒకే హైవే మీదకు వస్తారు. రాత్రి పదకొండు దాటాక విజయనగరం చేరడమే ఒక మ్యాచ్. అక్కడి నుంచి సాలూరు చేరడం సూపర్ ఓవర్!

మెట్రో దిగితే ఉప్పల్

హైదరాబాద్‌లో మ్యాచ్ అంటే మనకు రాత్రి రైలు ప్రయాణం. ఒకప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లిలో దిగితే లాల్‌బహదూర్ స్టేడియానికి నడిచే వెళ్లేవారు. 1999 నవంబరు 8న అక్కడ న్యూజిలాండ్ మీద సచిన్ అజేయంగా 186, ద్రవిడ్ 153 కొట్టి 331 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. 2005లో వన్డేలు ఉప్పల్‌కు తరలాయి. 2009 నవంబరు 5న అక్కడే సచిన్ ఆస్ట్రేలియా మీద 175 పరుగులు చేసినా భారత్ మూడు పరుగుల తేడాతో ఓడింది. ఒక మనిషి అంత గొప్పగా ఆడి ఓడిపోతే గ్యాలరీ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

బయటి ఊరి వాళ్లకు ఉప్పల్ ఇచ్చే పెద్ద వరం మెట్రో. 2017లో మొదలైన ఈ రైలుకు ‘స్టేడియం’ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. ఆటోవాళ్లతో బేరాల్లేవు. దారి అడగక్కర్లేదు. ఐపీఎల్ మ్యాచ్‌లున్నప్పుడు అర్ధరాత్రి దాటాక కూడా రైళ్లు నడిపిన సందర్భాలున్నాయి. విశాఖ స్టేడియానికి లేనిదల్లా ఇదే.

బారాబతి... పెరుగు వడ

సాలూరు దాటి ఘాటెక్కితే ఒడిశా. అందుకే కటక్ కూడా మనకు పొరుగు మైదానమే. విజయనగరంలో రైలెక్కితే ఆరేడు గంటల ప్రయాణం. బారాబతి స్టేడియం చుట్టుపక్కల దొరికే ‘దహీబరా ఆలూదమ్’ తినకుండా వస్తే కటక్ వెళ్లినట్టే కాదంటారు అక్కడివాళ్లు. పలచటి మజ్జిగలో నానిన వడలు, మీద ఆలూ కూర... మన పెరుగు వడకు దూరపు చుట్టం.

ఈ మైదానానికి ఓ మచ్చ కూడా ఉంది. 2015 అక్టోబరు 5న దక్షిణాఫ్రికాతో టీ20లో భారత్ 92 పరుగులకే కుప్పకూలింది. కోపమొచ్చిన జనం నీళ్ల సీసాలు మైదానంలోకి విసరడంతో ఆట ఆగింది. మ్యాచ్‌లకి సీసా తీసుకెళ్తే గేటు దగ్గరే లాక్కుంటారెందుకని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకు ఆ లోటు తీర్చాల్సింది మాత్రం నిర్వాహకులే. సీసా వద్దన్నప్పుడు లోపల ప్రతి స్టాండులో మంచినీళ్లు పుష్కలంగా ఉండాలి. 2025 ఫిబ్రవరి 9న ఇదే కటక్‌లో ఫ్లడ్‌లైట్లు మొరాయించి ఆట సుమారు అరగంట ఆగింది. తర్వాత రోహిత్ 119 కొట్టి ఆ చిరాకంతా పోగొట్టాడు.

చప్పట్లకు పేరు చెపాక్

వచ్చినవాణ్ని గౌరవించడమంటే ఏంటో చెన్నైని చూసి నేర్చుకోవాలి. 1999 జనవరి 31. సచిన్ 136 పరుగులతో పోరాడినా పాకిస్థాన్ చేతిలో భారత్ 12 పరుగులతో ఓడింది. గుండె పగిలిన ఆ జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాక్ జట్టు మైదానమంతా తిరిగి ఆ అభినందనలు అందుకుంది. అంత దూరం వచ్చిన అతిథులకు అంతకన్నా మంచి జ్ఞాపకం ఏ ఊరు ఇవ్వగలదు?

ప్రయాణం విషయంలోనూ చెన్నై ఒక అడుగు ముందే ఉంది. చెపాక్ పేరుతో లోకల్ రైలు స్టేషన్ పక్కనే ఉంది. 2024 ఐపీఎల్‌లో మ్యాచ్ టికెట్ చూపిస్తే సిటీ బస్సుల్లో ఉచితంగా ఎక్కనిచ్చారు. అలాంటి ఏర్పాటు మధురవాడ నుంచి విజయనగరం దాకా ఉంటే మన్యం అభిమానులకు సగం దిగులు తీరిపోతుంది.

ఆటకన్నా ముందు విందు

ఈ విషయంలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ది ప్రత్యేక లోకం. అక్కడ చదువుకునే మన పిల్లలు మొదటిసారి వెళ్లి నోరెళ్లబెడతారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 సీట్లు. సాలూరు పట్టణమంతా కూర్చున్నా ఇంకా బోలెడంత చోటు మిగులుతుంది! శనివారం ఆట ఉంటే ఉదయం నుంచే కార్లు నిలిపే చోట పొయ్యిలు వెలుగుతాయి. కారు వెనక తలుపు తెరిచి, బల్లలు వేసి, కాల్చుకుని తింటూ పరిచయంలేని వాళ్లకూ పెడతారు. దీన్నే ‘టెయిల్‌గేటింగ్’ అంటారు. ఎదుటి జట్టు రంగు చొక్కాతో వచ్చినవాడికి ముందు నాలుగు వెక్కిరింపులు, తర్వాత ఓ ప్లేటు భోజనం! ఇక అరుపుల సంగతంటారా... 1988 అక్టోబరులో లూసియానాలో జరిగిన ఓ మ్యాచ్‌లో జనం ఎగిరిన ఎగురుడుకు విశ్వవిద్యాలయంలోని భూకంప లేఖిని కదిలింది. దానికి ‘భూకంపం మ్యాచ్’ అనే పేరు స్థిరపడిపోయింది.

మన జాతరలు చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. సాలూరులో శ్యామలాంబ పండగైనా అంతే కదా. ఊరికి వచ్చినవాళ్లంతా చుట్టాలే.

ప్రాణంకన్నా ఆట ఎక్కువా?

సరదా వెనక మరచిపోకూడనిది ఒకటుంది. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ విజయోత్సవం చూద్దామని వచ్చి చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ జరిగింది లోపల ఆట నడుస్తుండగా కాదు. గేటు బయట, టికెట్ కౌంటర్ దగ్గర! దూరం నుంచి వచ్చినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. ఏ దారి ఎటు పోతుందో తెలియదు. ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్లడమా అన్న పట్టుదల వేరే ఉంటుంది. గుంపు బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే పట్టుదల వదిలి పక్కకు తప్పుకోవడమే తెలివి. ఆట మళ్లీ వస్తుంది.

బయల్దేరే ముందు...

* ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నా కొన్ని మ్యాచ్‌లకు కౌంటర్‌లో కాగితం టికెట్ తీసుకోవాల్సి ఉంటుంది. ఆ కౌంటర్ ఎక్కడో, ఏ సమయంలో తెరుస్తారో ముందే చూసుకోండి.

* పగటి మ్యాచ్‌కు పడమటి వైపు స్టాండు ఎంచుకుంటే మధ్యాహ్నం నుంచి ఎండ వీపు వైపు ఉంటుంది. ముందు నీడ పడేదీ అక్కడే.

* ముందు వరసల్లో ఇనుప కంచె కళ్లకు అడ్డం. కాస్త పై వరసలైతే ఫీల్డింగ్ మోహరింపు మొత్తం కనిపిస్తుంది.

* బ్యాగులు, పవర్‌బ్యాంకులు గేటు దగ్గర ఆపేస్తారు. వాటిని దాచే చోటు ఉంటుందన్న భరోసా లేదు.

* చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో గేటు నంబరుతో సహా ముందే చెప్పండి.

* నలుగురైదుగురు కలిసి వెళ్తే ఊళ్లోనే వ్యాన్ మాట్లాడుకోవడం మేలు. మ్యాచ్ రోజు హైవేమీద వాహనాలు దారి మళ్లిస్తారు కాబట్టి డ్రైవరుతో ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

అమ్మాయిలకూ ఓ గ్యాలరీ

2025 అక్టోబరులో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు విశాఖకు వచ్చినప్పుడు గ్యాలరీ ముఖం మారింది. తల్లులు, కూతుళ్లు, స్కూలు పిల్లలు! అక్టోబరు 12న స్టేడియంలో రెండుచోట్ల మిథాలీరాజ్, రావి కల్పన పేర్లు వెలిశాయి. అదేరోజు భారత్ 330 పరుగులు చేస్తే ఆస్ట్రేలియా దాన్ని ఛేదించి రికార్డు సృష్టించింది. ఓడినా, కడప అమ్మాయి శ్రీచరణి వికెట్లు తీస్తుంటే తెలుగు గ్యాలరీ ఊగిపోయింది. మూడు వారాలకే, నవంబరు 2న, ఆ జట్టే ప్రపంచకప్ గెలిచింది.

ఆ పిల్లలు మళ్లీ స్టేడియానికి రావాలంటే సిక్సర్లు చాలవు. శుభ్రమైన మరుగుదొడ్డి, వెలుతురున్న దారి, రాత్రి ఇంటికి చేర్చే బస్సు కావాలి. లక్ష సీట్ల స్టేడియమైనా, పాతిక వేల సీట్లదైనా గొప్పదనం కొలవాల్సింది అక్కడే.

సాలూరు బస్టాండ్‌లో మళ్లీ తెల్లవారుతుంది. నిన్నటి తండ్రి బస్సు దిగుతాడు. భుజం మీద కొడుకు నిద్రపోతుంటాడు. చెంపమీది జెండా చెమటకు చెరిగిపోయి ఉంటుంది. టీ కొట్టు పెద్దాయన అడుగుతాడు... ‘ఎవరు గెలిచార్రా?’

నిద్రలోనే పిల్లాడి పెదాలు కదులుతాయి. ‘సిక్స్...’

మళ్లీ మ్యాచ్ ఎప్పుడో!