నాలుగు వందల మీటర్ల లెక్క

పరుగు పందెం కాళ్ల బలానికీ దమ్ముకీ మాత్రమే పరీక్ష అన్న అభిప్రాయం సాధారణంగా వినబడేదే అయినా, 400 మీటర్ల పందెం విషయంలో అది సగమే నిజం. 100 మీటర్ల పందెంలో ఉన్న శక్తినంతా మొదటి అడుగు నుంచే వెచ్చించవచ్చు కానీ, గరిష్ఠ వేగాన్ని 400 మీటర్ల పొడవునా నిలుపుకోవడం ఏ మానవ శరీరానికీ సాధ్యం కాదు. కండరంలో తక్షణ వినియోగానికి సిద్ధంగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే రసాయనం కొద్ది సెకన్లలోనే చాలావరకు తరిగిపోతుంది. ఆ తర్వాత గ్లైకోజెన్, అంటే కండరంలో నిల్వ ఉన్న పిండిపదార్థం, ఆక్సిజన్‌తో పనిలేకుండా వేగంగా విచ్ఛిన్నమై శక్తినిస్తుంది గానీ, ఆ క్రమంలో హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్ పోగుపడి కండరం సంకోచించే శక్తి సన్నగిల్లుతుంది. అందుకే ఎంత మేటి క్రీడాకారులైనా చివరి 100 మీటర్లలో నెమ్మదిస్తారు. చూసేవారికి వేగం పెంచినట్టు కనబడే విజేత నిజానికి తక్కినవారికంటే తక్కువగా నెమ్మదించిన వ్యక్తి మాత్రమే.

ఈ శక్తిని దూరమంతటికీ సర్దుకోవడాన్ని పేసింగ్ అంటారు. మిగిలిన దూరాన్ని అంచనా కట్టడం, శరీరం పంపే అలసట సంకేతాలను గతంలో పరుగెత్తిన అనుభవంతో పోల్చుకోవడం, ఉన్నపళంగా దూసుకుపోవాలన్న కోరికను అదుపులో పెట్టుకోవడం అన్నీ ఇందులో భాగమే కనుక, ఇది కండరాల పని అయినంతగా మెదడు పని కూడా. పైగా 400 మీటర్ల పందెం ఆసాంతం ఎవరి లేన్‌లో వారు పరుగెత్తవలసినది. వంపుల వల్ల వచ్చే తేడాను సరిచేయడానికి బయలుదేరే గీతలను ముందువెనుకలుగా గీస్తారు కాబట్టి, చివరి మలుపు దాటేదాకా ఎవరు ముందున్నారో పరుగెత్తేవారికి కచ్చితంగా తెలియదు. పక్కవారిని చూసి వేగం దిద్దుకునే వీలు ఈ పందెంలో దాదాపు లేదు.

మేధో వైకల్యం ఉన్నవారికి ఈ క్రీడ ఎందుకంత కఠినమో దీన్నిబట్టి అర్థమవుతుంది. తార్కికంగా ఆలోచించడం, ప్రణాళిక వేసుకోవడం, కొత్త విషయాన్ని గ్రహించడం వంటి సామర్థ్యాల్లోనూ, దైనందిన వ్యవహారాలను సొంతంగా నిర్వహించుకోవడంలోనూ గణనీయమైన పరిమితి ఎదిగే వయసులోనే కనబడితే దాన్ని మేధో వైకల్యంగా గుర్తిస్తారు. పారా అథ్లెటిక్స్‌లో ఈ క్రీడాకారుల తరగతిని టీ20 అంటారు. అందులో చేరడానికి ప్రజ్ఞా సూచిక, అంటే ఐక్యూ, 75 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలన్నది ఒక నిబంధన. పూర్తిగా గానీ దాదాపు పూర్తిగా గానీ చూపులేని టీ11 తరగతి వారి పక్కన తాడు పట్టుకొని మార్గదర్శి పరుగెత్తుతాడు. టీ20 వారికి అటువంటి తోడు ఉండదు కనుక, పందెంలో కావలసినదంతా ముందే వారి దేహంలో స్థిరపడి ఉండాలి.

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబీ వాన్ బీసెన్, ఆమె సహ పరిశోధకులు ఈ విషయాన్ని ప్రయోగాత్మకంగా పరిశీలించారు. నిర్దేశించిన ఒక మోస్తరు వేగాన్ని అలాగే నిలుపుకొమ్మన్నప్పుడు, మేధో వైకల్యం ఉన్న మేటి పరుగువీరులు ఆ వైకల్యం లేని పరుగువీరులకంటే ఎక్కువగా ఆ వేగానికి అటూ ఇటూ అయ్యారు. బలంలో కాక, బలాన్ని సర్దుకోవడంలోనే అసలు కష్టం ఉందని ఈ ఫలితం సూచిస్తుంది.

ఈ నేపథ్యంలో వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన టీ20 తరగతి 400 మీటర్ల క్రీడాకారిణి జీవాంజి దీప్తి సాధించినదాని బరువు తెలుస్తుంది. శిక్షకుడు నాగపురి రమేశ్ వద్ద హైదరాబాద్‌లో తర్ఫీదు పొందిన ఆమె, 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం గెలిచింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లలో పరుగు ముగించి, అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకన్ల ప్రపంచ రికార్డును తిరగరాసింది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం అందుకొని, ఆ క్రీడల్లో పతకం పొందిన మొదటి మేధో వైకల్య భారతీయ క్రీడాకారిణిగా నిలిచింది.

ఇంతటి నేర్పు అలవడే మార్గం ఏమిటన్న ప్రశ్నకు మెదడు నిర్మాణంలోనే కొంత సమాధానం ఉంది. మాటలతో వివరించి, గుర్తుపెట్టుకొని, సూత్రంగా అన్వయించే నేర్పు ఒకటి. చేస్తూ చేస్తూ ఒంటపట్టి, ఎలా చేశారో చెప్పలేకపోయినా చేయగలిగే నేర్పు మరొకటి. చిన్నమెదడూ, మెదడు లోపలి భాగాల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే కణసముదాయాలూ రెండో రకం నేర్పులో ప్రధాన పాత్ర వహిస్తాయి. మేధో వైకల్యంలో మొదటి రకం బలహీనపడినంతగా రెండోది బలహీనపడకపోవచ్చునని అనేక పరిశీలనలు తెలుపుతున్నాయి. కాబట్టి సమర్థుడైన శిక్షకుడు సుదీర్ఘ వివరణలు మాని చేసి చూపిస్తాడు, ఒకసారి ఒకే సూచన ఇస్తాడు, పనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి రోజూ ఒకే క్రమంలో సాధన చేయిస్తాడు. 150, 200, 300 మీటర్ల దూరాలను ఒకే వేగంతో మళ్లీ మళ్లీ పరుగెత్తించినప్పుడు, గడియారం చెప్పే సెకన్లు అడుగుల లయగా, ఊపిరి వేగంగా శరీరానికి పరిచయమవుతాయి. దీన్ని మొరటు పునరావృతి అని తీసిపారేయడం అన్యాయం. వేగాన్ని ఒంటికి నేర్పడంలో శిక్షకుడి ఓర్పూ పరిశీలనా ఎంత అవసరమో చెప్పనలవి కాదు.

కంటికి కనబడని వైకల్యం కావడం వల్ల ఈ తరగతి ఒకప్పుడు పెద్ద ద్రోహానికి గురైంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ మేధో వైకల్య బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తేలడంతో, మొత్తం తరగతినే క్రీడల నుంచి తొలగించారు; ఎవరో చేసిన మోసానికి నిజమైన అర్హులు 2012 లండన్ క్రీడల దాకా నిరీక్షించవలసి వచ్చింది. పునఃప్రవేశంతోపాటే జ్ఞాపకశక్తి, స్పందన వేగం, ప్రణాళికా సామర్థ్యాలను క్రీడాకారుల చేత పనులు చేయించి అంచనా కట్టే పరీక్షలు వచ్చాయి. మహిళల 400 మీటర్ల టీ20 పందెం 2016 రియోలో చేరింది.

ఇప్పుడు పని ఊళ్లలోనే మొదలు కావాలి. సంగారెడ్డి జిల్లా హత్నూర వంటి మండలంలో, పాఠం రాని పిల్లను మొద్దని వెనక బెంచీకి పంపేస్తే ఆమె వైకల్యమూ తెలియదు, పరుగూ తెలియదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మేధో వైకల్యం ఒకటి. క్రీడల్లో సమాన భాగస్వామ్యానికి ఏర్పాట్లు చేయాలని అదే చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోంది. ప్రత్యేకావసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలూ, వైకల్య నిర్ధారణకు సదరం శిబిరాలూ, లోతైన పరీక్షలకు 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మేధో వైకల్య సంస్థా ఉన్నాయి. అయితే భవిత కేంద్రపు ఉపాధ్యాయుడికి తెలిసిన పిల్ల వ్యాయామ ఉపాధ్యాయుడి కంటా పడాలి. ఆమె పేరు వైకల్య జాబితాలోనూ, మండల స్థాయి ఆటల పోటీల జాబితాలోనూ చేరాలి. వైకల్యం ఎదిగే వయసులోనే మొదలైందని నిరూపించాలన్నది అంతర్జాతీయ వర్గీకరణ నిబంధన కనుక, బడి ఈడులో జరిగిన పరీక్ష, దాని కాగితం, ఆ పిల్ల పదేళ్ల తర్వాత ఏ ట్రాక్ మీద నిలబడగలదో నిర్ణయించే సాక్ష్యాలవుతాయి.