నికాహ్‌తో పాటు రిజిస్ట్రేషన్ కూడా

చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లిన మన పిల్లల్లో కొందరికి అక్కడే సంబంధం కుదురుతోంది. వధువో వరుడో బ్రిటన్ పౌరులైతే, రెండోవారు స్టూడెంట్ వీసా నుంచి భార్య లేదా భర్త హోదాలో ఇచ్చే వీసాకు మారవచ్చు. అందుకోసం ఇండియాకు తిరిగి రానక్కరలేదు. గడువు తీరకముందే దరఖాస్తు చేస్తే చాలు. 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలన్న నిబంధన వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. వలీ, సాక్షులు, మహర్ అన్నీ సక్రమంగా ఉంటే నికాహ్ పూర్తయిందని మనం అనుకుంటాం. షరీఅత్ ప్రకారం అది నిజమే. కాని ఇంగ్లండ్‌లో ఇంట్లోనో హోటల్లోనో చదివించిన నికాహ్ ఒక్కటే అక్కడి చట్టం దృష్టిలో వివాహం కాదు. 1998లో లండన్‌లో నికాహ్ జరిగి, నలుగురు పిల్లలున్న జంట విషయంలోనూ 2020లో అప్పీలు కోర్టు ఇదే తేల్చింది. అలాంటి నికాహ్ చూపి భార్యాభర్తలమని వీసా అడగలేరు. కాపురం చెడితే భార్యగా కోర్టుకెక్కే దారీ ఉండదు. ఎక్కువగా నష్టపోయేది స్త్రీయే.

మన దేశంలో చట్టబద్ధంగా జరిగిన నికాహ్‌ను బ్రిటన్ గుర్తిస్తుంది. ఖాజీ ఇచ్చిన పత్రాన్ని భద్రపరచుకోవాలి. అక్కడే పెళ్లయితే రిజిస్టర్ ఆఫీసులో ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆపై 28 రోజులు, విదేశీయుల విషయంలో ఒక్కోసారి 70 రోజుల దాకా ఆగాలి. వీసా గడువును ఆ లెక్కతో చూసుకోవాలి.

అప్పును సైతం రాసి ఉంచుకోమని ఖుర్ఆన్ (2:282) బోధిస్తోంది. మరి జీవితకాలపు ఒప్పందాన్ని నోటిమాటగా వదిలేద్దామా? అమ్మాయి తల్లిదండ్రులు తేదీ ఖాయం చేసేముందే రిజిస్ట్రేషన్ సంగతి అడగాలని మా మనవి.