అన్నదమ్ముల మధ్య ఎర్ర సముద్రం

పసిబిడ్డను పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసిన తల్లి అనగానే తెలుగువాళ్లకు కుంతి గుర్తుకొస్తుంది. పసిగుడ్డుల్ని చంపించే రాజంటే కంసుడు. ఈ రెండు ఘట్టాలూ ఒకచోట కలిసే కథ బైబిల్లో ఉంది. అది నిర్గమకాండంలోని మోషే కథ. డ్రీమ్‌వర్క్స్ సంస్థ 1998 డిసెంబరులో విడుదల చేసిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ ఆ కథకే బొమ్మల రూపం, పాటల రూపం. బొమ్మల సినిమాయే గానీ ఇందులో ఒంటెలు మాట్లాడవు, చిలకలు జోకులు వేయవు. ఆ రోజుల్లో అది చిన్న సాహసమేమీ కాదు.

జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ 1994లో డిస్నీ నుంచి బయటికొచ్చి, స్టీవెన్ స్పీల్‌బర్గ్, డేవిడ్ గెఫెన్‌లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ పెట్టారు. సెసిల్ బి. డెమిల్ 1956లో తీసిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ లాంటి కథను బొమ్మలతో చెబుదామన్న మాట స్పీల్‌బర్గ్ నోటి నుంచే వచ్చిందంటారు. దర్శకులు ముగ్గురు: బ్రెండా చాప్‌మన్, స్టీవ్ హిక్నర్, సైమన్ వెల్స్. హాలీవుడ్‌లో పెద్ద స్టూడియో తీసిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రానికి ఒక మహిళ దర్శకత్వం వహించడం చాప్‌మన్‌తోనే మొదలు. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ ప్రవక్తగా గౌరవించే మనిషి కథ కాబట్టి మూడు మతాల పండితులనూ పిలిచి సలహాలు తీసుకున్నారు. కథలో కొంత స్వేచ్ఛ తీసుకున్నామని సినిమా మొదట్లోనే తెరమీద రాసి మరీ చెప్పారు.

పాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్‌వి, నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్‌ది. పాట వచ్చినప్పుడు కథ ఆగి కూర్చోకపోవడమే ఈ సినిమా ప్రత్యేకత. తొలి పాటనే చూడండి. ఎండలో బానిసలు ఇటుకలు మోస్తూ, రాళ్లు లాగుతూ మొరపెట్టుకుంటుంటారు. ఆ గుంపులోంచి యోకెబెదు అనే తల్లి బిడ్డను ఎత్తుకుని సైనికుల కంటబడకుండా నైలు ఒడ్డుకు పరుగెడుతుంది. జోల పాడి, బుట్టలో పడుకోబెట్టి నీళ్లలో వదులుతుంది. మొసళ్లు, నీటిగుర్రాలు, జాలరుల వలలు, పడవల తెడ్లు అన్నీ దాటుకుని బుట్ట రాణివాసపు మెట్ల దగ్గరికి చేరుతుంది. పాట పూర్తయ్యేసరికి ఒక జాతి బానిసత్వం, ఒక తల్లి కడుపుకోత, ఒక రాకుమారుడి పుట్టుక మూడూ మనకు తెలిసిపోతాయి. యోకెబెదుకు గొంతునిచ్చిన ఓఫ్రా హజా యెమెన్ మూలాలున్న ఇజ్రాయెలీ గాయని. సినిమా వేరే భాషల్లోకి వెళ్లినప్పుడు చాలా భాషల్లో ఆ పాటను ఆమే పాడారు.

ఆ జోలపాటను మధ్యలో మళ్లీ వాడుకున్న తీరు ఇంకా బాగుంటుంది. తానెవరో తెలియని మోషే రాజకుమారుడి దర్జాతో అక్క మిర్యామును కసురుకుంటాడు. నువ్వు మా తమ్ముడివని ఆమె ఎంత చెప్పినా వినడు. చివరికి ఆమె జోలపాట అందుకుంటుంది. అంతే, అతడి ముఖంలో రంగు మారుతుంది. ఎన్ని వాదనలు చేసినా కాని పని రెండు చరణాలతో అయిపోతుంది. ఆ రాత్రే అతడికి పీడకల వస్తుంది. ఈజిప్టు గోడల మీది చదును బొమ్మలు కదలడం మొదలుపెట్టి, పసిపిల్లల్ని నదిలోకి విసిరేస్తున్న సైనికుల్ని చూపిస్తాయి. మాట ఒక్కటీ ఉండదు.

మొత్తం కథ తిరిగేది ఇద్దరు అన్నదమ్ముల చుట్టూ. ఒకే అంతఃపురంలో పెరిగి, రథాల పందేలు వేసుకుని, స్ఫింక్స్ విగ్రహం ముక్కు విరగ్గొట్టి తండ్రి చేత చీవాట్లు తిన్న మోషే, రామెసెస్‌లు పెద్దయ్యాక ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. నిర్గమకాండంలో మోషేకు ఎదురు నిలిచిన ఫరోకు, అంటే ఈజిప్టు రాజుకు, పేరే లేదు. సినిమా అతడికి పేరూ, బాల్యమూ, తండ్రి భయమూ ఇచ్చింది. బానిసల్ని వదలనన్న రామెసెస్ మీద దేవుడు పంపిన తెగుళ్లు దేశాన్ని కమ్మేస్తుంటే ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా పాడతారు. ఒకడి గొంతులో బతిమాలడం, ఇంకొకడి గొంతులో పంతం. చివరి తెగులు, అంటే తొలిచూలు బిడ్డల మరణం దగ్గర మాత్రం సంగీతం ఆగిపోతుంది. ఒక తెల్లని వెలుగు ఇంటింటికీ తిరుగుతుంటే మెల్లగా ఊపిరి పీల్చిన చప్పుడొక్కటే. పిల్లలతో చూసే సినిమాలో ఇంత కఠినమైన ఘట్టాన్ని మెత్తబరచకుండా ఉంచినందుకు మెచ్చుకోవాలి.

విడుదలైన బానిసలు దాటేందుకు ఎర్ర సముద్రం రెండుగా చీలే దృశ్యానికి చేత్తో గీసిన మనుషులనూ కంప్యూటర్ సృష్టించిన నీళ్లనూ కలిపారు. ఆ కాసేపటి దృశ్యానికి రెండేళ్ల పని పట్టింది. నీటి గోడల మధ్య జనం నడుస్తుంటే మెరుపు వెలుగులో పక్కన పెద్ద తిమింగలం నీడ కనిపించి మాయమవుతుంది. కన్నార్పితే తప్పిపోయేంత చిన్న మెరుపు అది. మండే పొదలోంచి వచ్చే దేవుడి గొంతు కోసం కూడా చాలా ఆలోచించి, చివరికి మోషేకు గొంతిచ్చిన వాల్ కిల్మర్‌తోనే చెప్పించారు. దైవం మాట మనిషికి తన లోపలి గొంతులాగే వినిపిస్తుందన్నది వాళ్ల ఉద్దేశం.

మార్పులు లేకపోలేదు. బైబిల్లో బిడ్డను తీసింది ఫరో కూతురు, సినిమాలో ఫరో రాణి. బైబిల్లో మోషే అటూ ఇటూ చూసి ఒక ఈజిప్టువాణ్ని చంపి ఇసుకలో పాతిపెడతాడు. సినిమాలో తోపులాటలో వాడు పరంజా మీంచి పడి చనిపోతాడు. నాయకుడి చేతికి నెత్తురంటకుండా చూసుకున్నారన్నమాట. మోషే తరఫున మాట్లాడాల్సిన అన్న అహరోను ఇక్కడ నమ్మకం చాలని పిరికివాడు. హాస్యం కోసం పెట్టిన ఇద్దరు మంత్రగాళ్లు ఈ కథలో అతకలేదు. జనం బంగారు దూడను చేసుకుని కొలిచిన ఘట్టాన్ని అసలు ముట్టుకోలేదు.

ఈజిప్టులోనూ, మలేషియాలోనూ సినిమాను నిషేధించారు. ప్రవక్తకు రూపమివ్వడం మీద అభ్యంతరం అక్కడ బలంగా ఉంది. మిగతా ప్రపంచంలో సుమారు 7 కోట్ల డాలర్లతో తీసిన చిత్రానికి 21 కోట్లకు పైగా వచ్చాయి. 1999లో ‘వెన్ యూ బిలీవ్’ పాటకు ఆస్కార్ దక్కింది. విట్నీ హ్యూస్టన్, మరయా కేరీ పాడిన రూపమే జనానికి ఎక్కువ తెలుసు గానీ, సినిమాలోని రూపంలో ఒక విశేషం ఉంది. మధ్యలో పిల్లలు హీబ్రూలో అందుకునే మాటలు నిర్గమకాండం 15వ అధ్యాయంలో సముద్రం దాటాక పాడిన పాటవి. సినిమాలో మాత్రం జనం ఈజిప్టు విడిచి నడక మొదలుపెట్టగానే వాటిని పాడేస్తారు.

2000లో ఇదే సంస్థ యోసేపు కథను ‘జోసెఫ్: కింగ్ ఆఫ్ డ్రీమ్స్’గా నేరుగా వీడియోలో విడుదల చేసింది. మోషే కథ మాత్రం రంగస్థలం కూడా ఎక్కింది. ష్వార్ట్జ్ కొత్త పాటలు చేర్చగా 2017లో కాలిఫోర్నియాలో, 2020 ఫిబ్రవరిలో లండన్ డొమినియన్ థియేటర్లో ప్రదర్శించారు. లండన్ ఆట కొన్ని వారాలకే కోవిడ్ వల్ల ఆగి, 2021లో మళ్లీ మొదలైంది.