టేపు ముక్క సాక్ష్యం

పిల్లలూ! చిరిగిన పుస్తకానికి మీరు జిగురు టేపు అంటిస్తారు గదా. అటువంటి ముక్క ఒకటి మీ చొక్కా చేతిమీద అద్ది తీసి, తెల్లకాగితానికి అంటించి భూతద్దంతో చూడండి. నూలుపోగులు, వెంట్రుకలు, సుద్దపొడి, మట్టిరేణువులు కనిపిస్తాయి. మీరు ఇవాళ ఎక్కడ కూర్చున్నారో, దేన్ని రాసుకుని నడిచారో వాటిని బట్టి కొంత ఊహించవచ్చు. నేరపరిశోధకులు చేసే పనికి మూలం ఇదే.

ఈ విద్యకు ఆద్యులలో ఒకడు ఎడ్మండ్ లోకార్డ్. ఆయన 1910లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో, న్యాయస్థానం పై అంతస్తున రెండు చిన్నగదుల్లో ప్రయోగశాల పెట్టాడు. ఆ రోజుల్లో కొందరు దొంగనాణేలు తయారు చేస్తున్నారని పోలీసులకు అనుమానం కలిగింది గాని, రుజువు దొరకలేదు. లోకార్డ్ ఆ మనుషుల బట్టలు తెప్పించాడు. జేబుల్లోనూ, చొక్కా చేతులమీదా ఉన్న దుమ్ము దులిపి రసాయన పరీక్ష చేశాడు. అందులో ఆంటిమొనీ, తగరం, సీసం బయటపడ్డాయి. దొంగనాణేలలో ఉన్న లోహాలూ అవే! ఇక వాళ్ళు నేరం ఒప్పుకోక తప్పలేదు.

ఇటువంటి దుమ్మును టేపుతో అద్ది తీసే పద్ధతిని 1951లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు మాక్స్ ఫ్రై-సుల్జర్ వివరించాడు.

మరి ఆ టేపే సాక్షి అయితే? దొంగిలించిన సొత్తు మూటమీద టేపు ముక్క దొరికిందనుకోండి. దాని పైరేకు సెల్లోఫేనా, పాలీప్రొపిలీనా? జిగురు రబ్బరుతో చేసినదా, ఏక్రిలిక్‌తో చేసినదా? అందులో సుద్దవంటి పొడులు కలిపారా? గుడ్డటేపు అయితే అంగుళానికి ఎన్ని పోగులు? ఇవన్నీ చూస్తారు. పరారుణ కిరణాలను ప్రసరింపజేస్తే, ఒక్కొక్క పదార్థం తనకు తగిన కొన్నిటినే పీల్చుకుంటుంది. ఆ వరసను బట్టి అది ఏ పదార్థమో తెలుసుకుంటారు. జిగురువైపు పడిన వేలిముద్రలు కనబడటానికి జెన్షన్ వయొలెట్ పూస్తారు. పూర్వం నోటిపూతకు పెద్దవాళ్ళు రాసిన ఊదారంగు మందు అదే!

అయితే ఒక జాగ్రత్త ఉన్నది. మూటమీది టేపూ, ఒకరి ఇంట్లో దొరికిన టేపూ అన్నివిధాలా ఒకటేనని తేలితే, ఆ ఇంటివాడే దొంగ అనవచ్చునా? అనరాదు. ఒకే ఫాక్టరీలో తయారయిన చుట్టలు ఎన్నో ఊళ్ళ అంగళ్ళకు పోతాయి. అటువంటిది మీ ఇంట్లోనూ ఉండవచ్చు. రెండూ వేరువేరు పదార్థాలని తేలితే మాత్రం, ఆ ముక్క ఆ చుట్టలోది కాదని గట్టిగా చెప్పవచ్చు. ఆ విధంగా రసాయనశాస్త్రం దోషిని పట్టి ఇవ్వటమే కాదు, నిర్దోషిని కాపాడుతుంది కూడా.

చిరిగిన అంచు ఇంకా గట్టి సాక్షి. ఒక కాగితాన్ని చేత్తో అయిదు ముక్కలుగా చించి, కలిపేసి, ఏది దేనికి అతుకుతుందో మీ స్నేహితుణ్ణి కనుక్కోమనండి. ఇంకో కాగితాన్ని కత్తెరతో తిన్నగా కత్తిరించి మళ్ళీ అడగండి. తేడా మీకే తెలుస్తుంది.

రేపు బడిలో మీ పెన్సిలు పోయి, పక్కవాడి సంచిలో అటువంటిదే కనిపించిందనుకోండి. "దొంగ!" అని కేక వేయకండి. ఆ రంగు పెన్సిళ్ళు మీ తరగతిలో ఎందరి దగ్గర ఉన్నవో ముందు లెక్కపెట్టండి.