జగ్గయ్యపేట పేరులో లేని తల్లి

నందిగామనుండి హైదరాబాదు బాటను పడమరగా పోవువారికి చిల్లకల్లు చెంత జగ్గయ్యపేట తగులును. ఆ యూరి పూర్వనామము బేతవోలు. చింతపల్లి జమీందారగు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు దానిని పేటగా వృద్ధిచేసి, తమ తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టిరి. ఈ సంగతి మా మెట్టసీమలో బడిపిల్లలకు సైతము తెలియును. కాని ఆ జగ్గయ్యగారి యిల్లాలి పేరేమని యడిగినచో పెద్దలే తడబడుదురు. మావారు బడిలో చరిత్ర చెప్పువారు. మేము అడిగినప్పుడు వారును కొంతతడవు కన్నులు మూసికొని ఆలోచించిరి. ఆమె పేరు అచ్చమ్మ. ఆ తల్లిని గూర్చియు, ఆమెవలెనే భర్తను రణమున పోగొట్టుకొనిన మఱియొక యిల్లాలిని గూర్చియు ఈ మాసమున మీతో ముచ్చటింపగోరుచున్నాము.

పదునెనిమిదవ శతాబ్దమున 1760 తరువాతి దినములవి. కృష్ణకు దక్షిణమున గుంటూరుసీమ నిజాముగారి సోదరుడగు బసాలతుజంగు జాగీరులో నుండెను. ఆనాటి జమీందారులనగా శిస్తు వసూలుచేయు దొరలు మాత్రమే కారు; కోటయు, బంట్లును, గుఱ్ఱములును కలవారు. ఇంటి మగవాడు పొద్దున గుఱ్ఱమెక్కిన, సాయంకాలము దిగునన్న నమ్మకము ఆ యిండ్ల ఆడువారికి లేదు. జగ్గయ్యగారు బసాలతుజంగు సైనికుల చేతులలో మడిసిరి. అచ్చమ్మగారు సహగమన మొనర్చిరని చరిత్రకారులు వ్రాసిరి. అప్పటికి వేంకటాద్రి ముక్కుపచ్చలారని పసివాడు. అతడు అయినవారి పంచన పెరిగి, 1783లో జమీ చేతికి వచ్చిన పిదప, అమరావతిని కట్టించి గొప్ప ప్రభువనిపించుకొనెను. తండ్రికి జగ్గయ్యపేటను, తల్లికి కృష్ణ కావలిగట్టున అచ్చంపేటను గుర్తుగా నిలిపెనని పెద్దలు చెప్పుదురు.

ఈ కథ చెప్పువారందఱును జమీందారుగారి దానములను వర్ణింతురు, గోపురములను వర్ణింతురు. తల్లిమాట వచ్చినప్పుడు మహాపతివ్రత యని ఒక్కమాటతో సరిపుచ్చుదురు. బిడ్డలను కన్నవారమగుటచేత మాకు మాత్రము ఆ చితికంటె ఆ రాత్రి పసివాడెవరి ప్రక్కన నిదురించెనో అన్న తలంపే ముందుగా వచ్చుచున్నది. కట్టించినవాడు గొప్ప ప్రభువే కావచ్చును. కాని ఊరిపేరున తల్లిదండ్రులను నిలుపుకొనుటలో ఒడిలేక పెరిగిన బిడ్డ బెంగకూడ కొంత యున్నదని మా మనస్సునకు తోచును.

అచ్చమ్మగారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఉండుమనువారికంటె పొమ్మనువారే పెక్కండ్రైన కాలమది. మా సీమకు ఇలవేలుపైన పెనుగంచిప్రోలు తిరుపతమ్మతల్లి కథయు అట్టిదే గదా! భర్త గోపయ్య పెద్దపులివాత బడగా ఆమె అగ్నిప్రవేశము చేసెనని మునేటిగట్టున నేటికిని పాడుకొందురు. మేమును తిరునాళ్లకు పోయి పసుపుకుంకుమలు సమర్పించి వచ్చువారమే. దేవతకు మ్రొక్కుట వేఱు, కన్నబిడ్డలున్న మానవకాంతకు అదియే దారి యని చూపుట వేఱు. మా నాయనగారు మాకు ఇంటనే ఆదిపర్వము చెప్పునప్పుడు ఒకచోట మేము పుస్తకము మూసి కూర్చుంటిమి. పాండురాజు మరణింపగా మాద్రి చితి నెక్కెను; తన కవలలను కుంతి చేతులలో పెట్టెను. కుంతి ఉండిపోయెను. అయిదుగురు బిడ్డలను వెంటబెట్టుకొని హస్తినకు నడచెను. లక్కయింట, ఏకచక్రపురమున, దాయాదుల మాటల నడుమ బ్రదికెను. ఉత్తరయును అంతే. అభిమన్యుడు పోయిన పిదప ఆమె నిలువబట్టి గదా పరీక్షిత్తు పుట్టెను! ఈ నిలిచినవారిని పతివ్రతలు కారని మన పురాణములలో నెవ్వరును అనలేదు.

మంట ఆగుటకు చట్టము రావలసివచ్చెను. 1829లో బెంగాలునందును, మఱుసటియేడు 1830లో మన మద్రాసు రాజధానియందును సహగమనమును నేరముగా నిర్ణయించిరి.

ఇక రెండవ యిల్లాలు. జగ్గయ్యపేటనుండి అదే బాటను కోదాడ దాటి పోయిన సూర్యాపేట వచ్చును. ఆ యూరివారు కర్నల్ సంతోష్‌బాబుగారు. వారి తల్లి మంజులగారు. ఆరవతరగతి బాలుని విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనికపాఠశాలకు పంపిన తల్లి యామె. ఆ వయస్సు పిల్లవాడు పొరుగూరి పెండ్లికి పోయిన రెండుదినములలో రాకున్న మనము గుమ్మము విడువము. ఆమె యేండ్ల తరబడి సెలవులు లెక్కించుకొనెను. ఆ బాలుడే పెరిగి పదునాఱవ బీహారు పటాలమునకు నాయకుడై, 2020 జూను 15వ తేది రాత్రి, లడఖులో సుమారు 14,000 అడుగుల యెత్తుననున్న గల్వాను లోయయందు చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో, తన జవానులతో గూడ ప్రాణము లర్పించెను. నాడు పోయిన మనవారు 20 మంది. భార్య సంతోషిగారు ఇద్దఱు బిడ్డలతో ఢిల్లీలో నుండిరి. కరోనా భయమున ఒకరింటి కొకరు పోని దినములవి. జూను 18న సూర్యాపేట చెంత కేసారమున సైనికలాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి.

సైనికుని యిల్లాలి జీవితము మనకు తెలిసిన సంసారము వంటిది కాదు. పెట్టెలు కట్టుట, విప్పుట. రెండుమూడేండ్ల కొకయూరు, ఊరి కొకభాష. బిడ్డ ఒకబడిలో స్నేహితులను కూర్చుకొనునంతలో మఱియొక బడి. భర్త సరిహద్దున నున్నప్పుడు జ్వరము వచ్చినను, ఫీజు కట్టవలసివచ్చినను ఆమెయే తండ్రి, ఆమెయే తల్లి. కబురు వచ్చినదినమున ఆమె చేయవలసినపని మాఱదు; ఎదురుచూపు మాత్రమే తీసివేయబడును.

ఆ యేడే జూలై 22న తెలంగాణ ప్రభుత్వము సంతోషిగారిని డిప్యూటీ కలెక్టరుగా నియమించెను. డిప్యూటీ కలెక్టరనగా భూముల తగాదాలు, పట్టాలు, వరదలు వచ్చినప్పుడు ఊరూర తిరుగుట. ఏదో ఆసరాకని ఇచ్చు ఉద్యోగము కాదది, అర్ధరాత్రి ఫోను మ్రోగు ఉద్యోగము. 2021 నవంబరు 23న రాష్ట్రపతిభవనమున కర్నలుగారికి మరణానంతరము ప్రకటించిన మహావీరచక్రమును రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారి చేతులనుండి అందుకొనుటకు అత్తయు కోడలును కలిసి పోయిరి. ఆ చిత్రమును మేము పత్రికలో చాలసేపు చూచితిమి. ఒకే మనుష్యుని పోగొట్టుకొనిన యిద్దఱు స్త్రీలు, ప్రక్కప్రక్కన. అచ్చమ్మగారికి అట్లు ప్రక్కన నిలిచి చేయిపట్టి ఆపిన అత్తగారొకరుండిన, జగ్గయ్యపేట కథ మఱియొక విధముగా నుండెడిది.

చట్టములు కూడ ఆలస్యముగనే కన్నులు తెఱచును. శౌర్యపతకము పొందిన సైనికుడు గతించిన పిదప, ఆ పతకముపై వచ్చు నెలసరి భత్యము భార్యకు ఇత్తురు. ఆమె మరల పెండ్లాడినచో అది ఆగిపోవుచుండెను. భర్త సోదరునే పెండ్లాడినచో మాత్రము సాగుచుండెను! ఈ నియమమును కేంద్రప్రభుత్వము తొలగించినది 2017 నవంబరులో. ఎప్పటిదో యని మీరనుకొందురేమో, మొన్నటిమాట.

ప్రభుత్వమును అనుటకు మా కేమి యధికారము? మా సంగతియు చెప్పవలెను. నందిగామలో మా వీధి చివర ఒక హవల్దారుగారి భార్య యుండును. భర్త కాశ్మీరమున విధినిర్వహణలో గతించి చాల యేండ్లైనది. పింఛనుతోడను, కుట్టుమిషనుతోడను ఇద్దఱు ఆడపిల్లలను చదివించుకొనుచున్నది. 2021 శ్రావణమున వరలక్ష్మీవ్రతపు పేరంటమునకు పిలుచుటకై కుంకుమభరిణె చేతబట్టి మేము ఇల్లిల్లు తిరుగుచుంటిమి. ఆమె అరుగుపైన వడియములు పెట్టుకొనుచుండెను. మమ్ము చూచెను. మా కిబ్బంది కలుగకుండుటకై తానే చేతులు కడుగుకొని లోనికి పోయి, తలుపు దగ్గఱగా వేసికొనెను. మేము ప్రక్కయింటికి పోయితిమి. కుంతికథ ముప్పదిమార్లు చదివిన మేము!

మఱుసటియేడు శ్రావణమున మొదటి పిలుపునకు ఆమె యింటికే పోయితిమి. అత్తగారు వంటయింటినుండి చూచిరి గాని ఏమియు ననలేదు. మేము భరిణె తెఱవగా, ఆమె గడపలో నిలిచి "నాకా, వదినగారూ?" అని యడిగెను. మాకు మాట పెగలక, బొట్టు పెట్టి వచ్చితిమి.

సాయంకాలము చిన్నకూతురితో వచ్చి గోడవారగా కూర్చుండెను. ఇద్దఱు ముగ్గురు తాంబూలము లందుకొని త్వరగా లేచిపోయిరి. మిగిలినవారు మౌనముగా నుండగా, ఎదురింటి ముసలమ్మగారు సెనగలు ఒడిలో పోసికొనుచు, "పటాలములో కాపురమున్నప్పుడు నీకు తోడెవరుండేవారే అమ్మాయ్?" అని యడిగిరి. ఆమె మొదట నవ్వెను. పిదప జబల్పూరు క్వార్టర్సును గూర్చియు, ప్రక్కయింటి పంజాబీ ఆమె రొట్టెలు చేయుట నేర్పిన విధమును గూర్చియు, తానామెకు గోంగూర పచ్చడి నేర్పిన విధమును గూర్చియు, దీపములు కొండెక్కువఱకు చెప్పుచునే యుండెను.