గుండెకు అమర్చిన కవాటం మళ్ళీ ఎందుకు చెడుతుంది?



మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం చెడింది. ఇరవయ్యారో ఏట ఆపరేషను చేసి, జంతువు కణజాలంతో తయారైన కవాటం అమర్చారు. పదకొండేళ్ళు చీకూ చింతా లేకుండా గడిచాయి. ఈమధ్య మేడమెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పరీక్ష చేసి, కవాటం బిరుసెక్కిందన్నారు. "నీళ్ళ బిందెలు మొయ్యొద్దంటే విన్నావా?" అని అత్తగారి సణుగుడు. పాపం, తప్పు తనదేనేమోనని ఆ పిల్లా కుమిలిపోతోంది.

కాదండీ. ఈ కవాటాలను పంది గుండె కవాటంతోనో, పశువు గుండెను చుట్టి ఉండే పొరతోనో చేస్తారు. పరాయి కణజాలాన్ని మన ఒళ్ళు సహించదు కదా! అందుకని దాన్ని గ్లూటరాల్డిహైడ్ అనే మందులో ఊరబెడతారు. తంగేడు చెక్కతో తోలు పదును చేస్తారు చూడండి, ఇంచుమించు అదే పని. 1960ల చివర ఫ్రాన్సులో కార్పాంటియే అనే సర్జను ఈ పద్ధతి తెచ్చారు. పొర గట్టిపడుతుంది, కుళ్ళదు. కాని అందులో జీవం ఉండదు. చిక్కంతా అక్కడే.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మన సొంత కవాటంలోని జీవకణాలు అరిగిన పోగుల్ని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటాయి. అమర్చిన దానికి ఆ మరమ్మతు లేదు. పోగులు సడలి, ఒక్కోసారి చిరుగుతాయి.

రెండోది కాల్షియం. బతికున్న కణం అదనపు కాల్షియాన్ని బయటికి నెట్టేస్తుంది. చచ్చిన కణానికి ఆ శక్తేదీ? దాని గోడల్లోని భాస్వరంతో కాల్షియం కలిసి, బాయిలరులో గార కట్టినట్టు పేరుకుపోతుంది. ఊరబెట్టిన మందు శేషం కూడా దీనికి తోడవుతుంది. పాలూ పెరుగూ తిన్నందువల్ల కాదు సుమండీ, అవి మానినా ఇది ఆగదు.

పెద్దవయసులో ఈ కవాటం పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పనిచేస్తుంది. పడుచువారిలో త్వరగా గార కడుతుంది. మరి తెలిసీ ఎందుకు పెట్టారంటారా? లోహపు కవాటం చాలాకాలం మన్నుతుంది, కాని రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్రలు వేసుకోవాలి. గర్భంలో శిశువుకు వాటివల్ల ప్రమాదం. ఈ అమ్మాయి పిల్లలు కావాలనుకుంది. ఇప్పుడు ఇద్దరు.

ఇలాంటి కవాటం ఉన్నవారు ఏటా ఎకో పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం, కాళ్ళవాపు కనిపిస్తే ఆ గడువు దాకా ఆగకూడదు. పన్ను పీకించుకునే ముందు కవాటం సంగతి డాక్టరుకు చెప్పాలి. సూక్ష్మక్రిములు రక్తంలో చేరితే బాగున్న కవాటమూ చెడిపోతుంది.

ఆ అమ్మాయికి మళ్ళీ ఆపరేషనా, లేక తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి పాతదాని లోపలే కొత్తది కూర్చడమా అన్నది డాక్టర్లు తేలుస్తారు. అత్తగారికి ఇదంతా విడమరచి చెప్పివచ్చాను. ప్రస్తుతానికి బిందెలు ఆవిడే మోస్తున్నారు.