ఇంజను బోల్టుల బిగింపు: అంచనా కాదు, కొలత

నాగలి బిగించు రైతునకు బిగింపులోని మర్మము క్రొత్తది కాదు. కఱ్ఱు వదులైనచో సాలు చెడును. చీల మితిమీఱి కొట్టినచో కొయ్య పగులును. ట్రాక్టరు ఇంజనునందును ధర్మ మిదియే.

ఒక గ్రామమున మేము చూచిన ట్రాక్టరునకు హెడ్డు గాస్కెట్టు మార్చి, చేతి అంచనాతో బోల్టులు బిగించిరి. కొన్నినాళ్లకే రేడియేటరు నీరు చమురులో గలిసి, చమురు మజ్జిగవలె తెల్లబడెను. విప్పి చూడగా కొన్ని బోల్టులు వదులుగను, కొన్ని మితిమీఱియు నుండెను. దమ్ము చేయవలసిన దినములలో బండి వారము నిలిచెను. మడిలో నారు ముదిరెను.

బోల్టు కేవలము మేకు కాదు. అది స్ప్రింగు వంటిది. బిగించునప్పుడు వెంట్రుకవాసి సాగి, తిరిగి ముడుచుకొన జూచు బలముచే హెడ్డును బ్లాకున కదిమి పట్టును. పానాపై మనము పెట్టు బలములో నూటికి సుమారు 10 పాళ్లే యీ సాగుటకు జెందును. తక్కినది బోల్టు తలక్రిందను, మరలయందును రాపిడికి పోవును. కావున మరకు చమురు పూసినచో అదే కొలతకు బోల్టు ఎక్కువ సాగును. త్రుప్పున్నచో చాలినంత సాగదు. చమురు పూయవలెనా, పొడిగా బిగింపవలెనా యనునది కొలతలో భాగమే.

హైదరాబాదున గాంధీనగరమునకు చేరువనున్న కూడలిని ఆర్టీసీ క్రాస్ రోడ్డు లందురు. ఆ బస్సుల సంస్థకు మూలము, 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో నారంభించిన రవాణా శాఖ. నాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారైనవి. ఆ కాలపు బ్రిటిషు యంత్రములలో విట్‌వర్తు మర సామాన్యము. దాని పంటి కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరకు 60 డిగ్రీలు. చూపునకు రెండును బోల్టులే యైనను, ఒకదాని లెక్క మఱియొకదానికి చెల్లదు.

కావున సరియైన సంఖ్యను వెదకు క్రమ మిది. మొదట ఇంజనుపై చెక్కిన మోడలును, సంఖ్యను వ్రాసికొనవలెను. పిమ్మట ఆ మోడలునకే తయారీదారులు ప్రచురించిన సర్వీసు మాన్యువలును చూడవలెను. అది లేనిచో అధీకృత డీలరు నడుగవలెను. పొరుగువాని బండి లెక్కను నమ్మరాదు. బోల్టు తలపై నుండు 8.8 వంటి గుర్తు ఉక్కు బలమును మాత్రమే తెలుపును. దానినిబట్టి వ్రాసిన సామాన్య పట్టికలు హెడ్డునకును, కనెక్టింగ్ రాడ్డునకును చాలవు.

సంఖ్యతో ప్రమాణమును గూడ చూడుడు. 1 కిలోగ్రాము-మీటరు 9.81 న్యూటను-మీటర్లు, 1 పౌను-అడుగు సుమారు 1.36. న్యూటను-మీటర్లలో 80 అని వ్రాసినదానిని పౌను-అడుగులని భ్రమించినచో బిగింపు 108కి చేరును. మూడవవంతునకు మించి యధికము.

బిగించుటకు ముందు బ్లాకులోని రంధ్రములను తుడిచి ఆరబెట్టవలెను. అడుగు మూసియున్న రంధ్రమున నీరు గాని, చమురు గాని నిలిచినచో, బోల్టు దిగునప్పుడు బ్లాకు పగులవచ్చును. వేఱు క్రమము చెప్పనిచో మధ్యనుండి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగింపవలెను. కొన్ని యింజనులకు కడపటి విడత డిగ్రీలలో నుండును. అట్టి బోల్టులు పెక్కింటిని మరల వాడరాదు.

టార్క్ పానాను మెల్లగా లాగి, టక్కుమన్నంతనే నిలుపవలెను. దానితో బోల్టులు విప్పరాదు. పని ముగిసిన పిమ్మట తక్కువ కొలతకు త్రిప్పియుంచవలెను. ఏట నొకసారి పరీక్ష చేయింపవలెను. ఇట్టి పానాను ప్రతి రైతును కొననక్కఱలేదు. సంఘమున కొక్కటి యుండి, సభ్యుల ఇంజను మోడళ్లును, వాని బిగింపు కొలతలును ఒక పుస్తకమున వ్రాసియుంచినచో చాలును. మేస్త్రీ వచ్చిన దినమున ఆ పుస్తకమును ముందుగా ఆయన చేతికిండు.